మీటకూ వేలికీ నడుమ

మస్కట్‌లోని రువి ప్రాంతంలో లాప్‌టాప్ కొనడానికి వెళ్ళినవారి ముందు దుకాణదారు అడగకుండానే మరికొన్ని వస్తువులు పెడతాడు. మోసుకుపోవడానికి సంచి, తెర మీద అంటించే పలుచని పొర, కీబోర్డు మీద పరిచే సిలికోన్ తొడుగు. సంచి దగ్గర బేరం సాగుతుంది. తొడుగు దగ్గర ఎవరూ పెద్దగా ఆలోచించరు. ధర తక్కువ, ఊరేమో ఎడారి పక్కది. అలా మొదటి రోజున పరిచిన తొడుగు ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది. కొన్ని నెలలకు ‘ఈ కీబోర్డు ఎందుకో బాగా లేదు’ అన్న అసంతృప్తి మొదలైనా, నింద యంత్రం మీదకు పోతుంది, వయసు మీదకు పోతుంది, తొడుగు మీదకు మాత్రం పోదు.

మిల్లీమీటరులో మూడో వంతు కూడా లేని ఒక పొర టైపు చేసే అనుభవాన్ని నిజంగా మార్చగలదా? మారిస్తే, ఆ మార్పు మీటలో జరుగుతుందా, వేలిలో జరుగుతుందా? కీబోర్డు మీద తన అక్షరాలే లేని భాషలో రాసేవారికి, అంటే విదేశాలలో ఉండి తెలుగు రాసేవారికి, ఆ మార్పు ఎంత ఖరీదైనది? ఈ ప్రశ్నలకు జవాబు కొంత యంత్రశాస్త్రంలో, కొంత శరీరశాస్త్రంలో, కొంత తెలుగు లిపి నిర్మాణంలో దొరుకుతుంది.

ఇసుక, తేమ, కహ్వా

ముందుగా తొడుగు పక్షాన చెప్పవలసింది చెప్పాలి. ఒమన్‌లో దాన్ని కొనడానికి మంచి కారణాలే ఉన్నాయి. దేశానికి పడమట రుబ్ అల్ ఖాలీ మహా ఎడారి. మస్కట్‌కు దక్షిణాన, ఒకప్పుడు వహీబా ఇసుకలని పిలిచిన షర్ఖియా ఇసుక తిన్నెలు. గాలి లేచిన రోజున కిటికీలు మూసిన గదిలో సైతం బల్ల మీద వేలితో గీత గీయవచ్చు. చమురు క్షేత్రాలలోనూ, దుఖమ్ వంటి కొత్త పారిశ్రామిక ప్రాంతాలలోనూ పనిచేసే ఇంజనీర్లకు ధూళి రోజువారీ సంగతి.

తీరంలో సమస్య తేమ. 2018 జూన్‌లో మస్కట్‌కు ఆగ్నేయంగా ఉన్న ఖురియాత్ పట్టణంలో ఒక రోజంతా, రాత్రితో సహా, ఉష్ణోగ్రత 42.6 డిగ్రీలకన్నా కిందికి దిగలేదు. అంత వేడిలో వేలికొసల చెమట ఆరదు. దక్షిణాన సలాలాలో జూన్ చివరినుంచి సెప్టెంబరు దాకా ‘ఖరీఫ్’ కాలం. కొండలను మంచు కప్పుతుంది, సన్నని జల్లు ఆగకుండా పడుతుంది. మన ఖరీఫ్ పంటల పేరు వంటిదే ఈ మాట కూడా. అరబ్బీలో దాని అర్థం శరత్తు.

వీటికి తోడు మర్యాదలు. ఒమనీ కార్యాలయంలో అతిథికి ఖర్జూరమూ కహ్వా కాఫీ ఇవ్వడం ఆచారం. జిగురంటిన వేళ్ళు, చిన్న గిన్నెలో వేడి కాఫీ, పక్కనే తెరిచిన లాప్‌టాప్. తొడుగు లేని కీబోర్డు మీద కహ్వా ఒలికితే మరమ్మతు ఖర్చు తొడుగు ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది. కాబట్టి దుకాణదారు చెప్పేది అబద్ధం కాదు. అతడు చెప్పనిది ఒకటి ఉంది. ఆ రక్షణకు రోజూ ఎంతో కొంత చెల్లించాలి, చెల్లించేవి వేళ్ళు.

మీట కింద ఏముంది

సాధారణ లాప్‌టాప్‌లో ప్రతి మీట కింద మూడు భాగాలు ఉంటాయి. పైన ప్లాస్టిక్ పలక. దాని కింద కత్తెర ఆకారంలో ఒకదానికొకటి బిగించిన రెండు సన్నని చట్రాలు. పలకను ఏ మూలన నొక్కినా వంగకుండా నిటారుగా దించడం వీటి పని. అన్నిటికన్నా కింద చిన్న రబ్బరు గుమ్మటం. మీటను నొక్కినప్పుడు గుమ్మటం కాసేపు ఎదురు నిలిచి, ఒక హద్దు దాటాక చటుక్కున కుంగిపోతుంది. కుంగినప్పుడు అడుగునున్న విద్యుత్ పొరలు కలిసి అక్షరం నమోదవుతుంది.

వేలికి ‘పడింది’ అని చెప్పేది ఆ చటుక్కున కుంగడమే. బలం మొదట పెరిగి, ఒక శిఖరం చేరి, హఠాత్తుగా పడిపోతుంది. శిఖరానికీ పడిపోయిన చోటికీ మధ్య ఉన్న తేడా ఎంత ఎక్కువైతే మీట అంత స్పష్టంగా ‘మాట్లాడుతుంది’. తేడా తగ్గితే మీట మెత్తగా, బురదలో కాలు దిగినట్టుగా అనిపిస్తుంది.

కీబోర్డుల గురించి 1998లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 9241 నాలుగో భాగం కొన్ని హద్దులు సూచించింది. మీట దిగే దూరం 1.5 నుంచి 6 మిల్లీమీటర్లు, 2 నుంచి 4 అయితే మేలు. నొక్కవలసిన బలం 0.25 నుంచి 1.5 న్యూటన్లు, 0.5 నుంచి 0.8 అయితే మేలు. అర న్యూటన్ అంటే సుమారు 50 గ్రాముల బరువు. నేటి పలుచని లాప్‌టాప్‌లలో చాలావాటి మీటలు 1 నుంచి 1.5 మిల్లీమీటర్లే దిగుతాయి. అంటే వేలికి సంగతి చెప్పడానికి మీటకు ఉన్న చోటే బహు తక్కువ. ఏ తొడుగైనా ఆ కాస్త చోటులోనే జోక్యం చేసుకుంటుంది.

ధూళిని ఆపే పొరను ఎక్కడ ఉంచాలన్న ప్రశ్న పెద్ద కంపెనీలకూ ఎదురైంది. ఆపిల్ 2015లో తన 12 అంగుళాల మాక్‌బుక్‌లో సీతాకోకచిలుక రెక్కల వంటి కొత్త యంత్రాంగాన్ని ప్రవేశపెట్టింది. దానిలో మీట దిగేది సుమారు అర మిల్లీమీటరు. అంత ఇరుకులో ఒక్క ధూళి రేణువు చేరినా మీట పడకపోవడమో, ఒక నొక్కుకు రెండుసార్లు పడడమో జరిగేది. ఫిర్యాదులు పెరిగాక 2018 జూన్‌లో కంపెనీ ఉచిత మరమ్మతు పథకం ప్రకటించింది. ఆ మరుసటి నెలలో వచ్చిన మోడళ్ళను విప్పి చూసినవారికి ప్రతి పలక కిందా పలుచని సిలికోన్ పొర కనిపించింది. చివరికి 2019 నవంబరులో వచ్చిన 16 అంగుళాల మాక్‌బుక్ ప్రోతో ఆపిల్ మళ్ళీ కత్తెర యంత్రాంగానికి, సుమారు 1 మిల్లీమీటరు దిగే మీటకు వెళ్ళింది. ఆ పాత కీబోర్డుల మీద నడిచిన దావాలో 2022లో 5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఈ కథలో గమనించవలసినది పొర ఉన్న స్థానం. తయారీదారు దాన్ని పలక కింద పెట్టాడు. దుకాణదారు పలక పైన పరుస్తాడు. కింద ఉన్న పొర వేలికి తగలదు. పైన ఉన్న పొర వేలికీ మీటకూ నడుమ ప్రతి సంభాషణలోనూ మూడో మనిషిలా కూర్చుంటుంది.

తొడుగు చేసే మూడు పనులు

అంగట్లో దొరికే తొడుగులు ముఖ్యంగా రెండు రకాలు. సిలికోన్‌వి సుమారు 0.3 మిల్లీమీటర్ల మందం, మెత్తన, కాస్త పట్టు ఎక్కువ. టి.పి.యు. అనే పాలీయురెథేన్‌తో చేసినవి అందులో సగం మందమే, పారదర్శకం, కొంత బిరుసు. తొడుగు మందం ఎంత ఉంటే మీట దిగే దూరం అంత తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. పలక మీద ఉన్న భాగం పలకతోపాటే దిగుతుంది. తొడుగు చేసే అసలు పనులు వేరు.

మొదటిది, అది బలపు గీతను మారుస్తుంది. తొడుగులో ప్రతి మీటకూ ఒక చిన్న టోపీ ఉంటుంది. టోపీలన్నిటినీ కలుపుతూ చదునైన పొర ఉంటుంది. ఒక మీట దిగినప్పుడు ఆ టోపీ అంచులు మడత పడాలి, చుట్టూ ఉన్న పొర సాగాలి. సాగే వస్తువు ఎంత లోతుకు లాగితే అంత ఎక్కువగా ఎదురు తిరుగుతుంది. ఊహించిన సంఖ్యలతో లెక్క చూడవచ్చు. ఒక మీటకు శిఖర బలం 60 గ్రాములు, కుంగాక 30 గ్రాములు అనుకుందాం. పడిపోయినది సరిగ్గా సగం, అంటే 50 శాతం. తొడుగు శిఖరం దగ్గర 4 గ్రాములు, అడుగున 12 గ్రాములు కలిపిందనుకుందాం. ఇప్పుడు శిఖరం 64, అడుగు 42. పడిపోయినది 22, అంటే సుమారు 34 శాతం. నొక్కడానికి కావలసిన బలం పెరిగింది నాలుగే గ్రాములు. దాన్ని వేలు పట్టించుకోకపోవచ్చు. కాని ‘చటుక్కు’ మాత్రం మూడో వంతు పోయింది. తొడుగు వేసుకున్నవారు మీటలు గట్టిపడ్డాయని కాక మెత్తబడ్డాయని ఫిర్యాదు చేయడానికి కారణం ఇదే.

రెండోది, అమరిక. ఫలానా మోడల్ కోసమే అచ్చు పోసిన తొడుగు పలకను అంటిపెట్టుకుని ఉంటుంది. అన్నిటికీ సరిపోతుందని అమ్మే చదును పొర అలా ఉండదు. పలకకూ దానికీ మధ్య గాలి ఉంటుంది. అప్పుడు ప్రతి నొక్కూ రెండు అంచెలుగా జరుగుతుంది: ముందు పొర పలకను చేరుతుంది, తరువాత పలక కదులుతుంది. ఒకే మోడల్ అయినా అమ్మిన దేశాన్ని బట్టి ఎంటర్ మీట అడ్డంగానో నిలువుగానో ఉండవచ్చు. సెలవులకు వెళ్ళినప్పుడు హైదరాబాదులో కొన్న తొడుగు మస్కట్‌లో కొన్న యంత్రానికి సరిపడకపోవడానికి అది ఒక కారణం. పైగా తొడుగు కాలంతో సాగుతుంది. కొత్తలో సరిపోయినదే ఏడాదికి మూలల్లో లేస్తుంది.

మూడోది, ఒరపిడి. టైపు చేసే వేళ్ళు పైకీ కిందికీ మాత్రమే కదలవు, ఒక మీట నుంచి మరో మీటకు జారుతాయి. గట్టి ప్లాస్టిక్ పలక మీద జారడం తేలిక. కాస్త చెమ్మగిల్లిన చర్మం సిలికోన్‌ను పట్టుకుంటుంది. మస్కట్ వేసవిలో ఈ పట్టు ఇంకా తెలుస్తుంది. జారవలసిన వేలు ఎత్తి వేయవలసి వస్తుంది. వేగం అక్కడ తగ్గుతుంది.

వేలికొస వినే సంగతి

మార్పు మీటలో ఎలా జరుగుతుందో తెలిసింది. అది వేలికి ఎలా అందుతుందన్నది మిగిలింది. మానవుడి వేలికొస చర్మంలో స్పర్శను పట్టే నాడీ అగ్రాలు ప్రధానంగా నాలుగు రకాలు. మెర్కెల్ కణాలు అంచులను, ఆకారాలను గుర్తిస్తాయి. మైస్నర్ కణికలు తాకిడి మొదలైన క్షణాన్ని, చర్మం జారడాన్ని పట్టుకుంటాయి. లోతుగా ఉన్న పాచీనియన్ కణికలు సెకనుకు రెండు మూడు వందలసార్లు కంపించే సన్నని అదురును వింటాయి. రఫీని అగ్రాలు చర్మం సాగడాన్ని తెలుసుకుంటాయి. స్వీడన్‌లోని ఉమియో విశ్వవిద్యాలయానికి చెందిన రోలండ్ యొహాన్సన్, ఓకె వాల్‌బూ 1979లో ప్రచురించిన లెక్క ప్రకారం అరచేయి వైపు చర్మం మొత్తంలో ఇటువంటి నాడీ తంతువులు సుమారు 17,000. వేలికొసలో చదరపు సెంటీమీటరుకు 240 దాకా ఉంటే, అరచేతిలో 60 కూడా ఉండవు.

తొడుగు ఈ నాలుగింటిలో రెండింటిని ఎక్కువగా దెబ్బతీస్తుంది. మెత్తని పొర సన్నని అదురును మింగేస్తుంది. గుమ్మటం కుంగినప్పుడు పుట్టే కంపం పాచీనియన్ కణికల దాకా బలహీనపడి చేరుతుంది. పలకల అంచులు గుండ్రబడి, మెర్కెల్ కణాలు చదివే పటం మసకబారుతుంది. ఎఫ్, జె మీటల మీద ఉండే చిన్న గీతలు, చూడకుండా టైపు చేసేవారికి ఇంటి గడప వంటివి, తొడుగు కింద దాదాపు మాయమవుతాయి. కొన్ని తొడుగుల మీద వాటిని మళ్ళీ అచ్చు పోస్తారు. కొన్నింటి మీద పోయరు.

నిపుణుడైన టైపిస్టుకు ఈ సమాచారం అవసరమా అన్న అనుమానం న్యాయమైనదే. నిమిషానికి 60 మాటల వేగమంటే, ఆంగ్ల పద్ధతిలో మాటకు ఐదు మీటల చొప్పున, సెకనుకు ఐదు నొక్కులు. ఒక మీట పడిందని మెదడుకు తెలిసి, అది జవాబు పంపేలోగా తరువాతి వేలు బయలుదేరిపోతుంది. అయినా స్పర్శ అవసరమే. రేబిన్, గోర్డన్ అనే పరిశోధకులు 2004లో ప్రచురించిన ప్రయోగంలో అనుభవజ్ఞులైన టైపిస్టుల చూపుడు వేలికొసకు మత్తు ఇచ్చి టైపు చేయించారు. వేలు కదులుతూనే ఉంది, కాని ఆ వేలి తప్పులు బాగా పెరిగాయి. ప్రతి నొక్కులోనూ వేలు తానెక్కడ ఉన్నదో సరిచూసుకుంటుంది. ఆ సరిచూపు తరువాతి కదలికకు ఆధారం. అది ఆగితే వేలు మెల్లగా దారి తప్పుతుంది.

స్పర్శ తగ్గినప్పుడు శరీరం చేసే మరో పని బలం పెంచడం. వేళ్ళకు మత్తు ఇచ్చినవారు చిన్న వస్తువును సైతం అవసరాన్ని మించి గట్టిగా పట్టుకుంటారు. టైపు చేసేవారు మామూలుగానే మీటకు కావలసినదానికి రెండున్నర నుంచి నాలుగు రెట్ల బలం వాడతారని 1994లో ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం కొలిచి చూపింది. మీట పడినట్టు తెలియకపోతే ఆ అలవాటు ఇంకా పెరుగుతుంది. తొడుగు జబ్బు తెస్తుందని చెప్పడం అతిశయోక్తి. కాని ముంజేయి కండరాలలో, వేళ్ళ కీళ్ళలో ఇప్పటికే నొప్పి ఉన్నవారికి రోజుకు కొన్ని వేల నొక్కులలో చేరే కొంచెం అదనపు బలం లెక్కలోకి వస్తుంది.

వైద్యరంగం ఈ బేరాన్ని నూరేళ్ళకు పైగా ఎరుగును. 1889-90 శీతకాలంలో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో శస్త్రచికిత్సకుడు విలియమ్ హాల్‌స్టెడ్, తన నర్సు కేరొలైన్ హాంప్టన్ చేతులు క్రిమినాశక ద్రావణానికి పుండ్లు పడుతున్నాయని, పలుచని రబ్బరు చేతి తొడుగులు చేసిపెట్టమని గుడ్‌ఇయర్ కంపెనీని అడిగాడు. శస్త్రచికిత్సలో రబ్బరు తొడుగుల వాడకం అక్కడ వేళ్ళూనింది. వాటి వలన స్పర్శ కొంత పోతుంది. ప్రాణరక్షణ ముందు ఆ నష్టం చిన్నది గనుక అంగీకరించారు. చేతి తొడుగు పని ఉన్నంతసేపు ఉంటుంది, పని కాగానే తీసి పారేస్తారు. కీబోర్డు తొడుగును అలా వాడేవారు అరుదు.

గుర్తులు లేని అక్షరాలు

ఒమన్‌లో అమ్మే కీబోర్డుల మీటల మీద సాధారణంగా రెండు లిపులు ఉంటాయి: ఎడమవైపు ఆంగ్లం, కుడివైపు అరబ్బీ. తెలుగు ఉండదు. అక్కడ తెలుగు రాసేవారికి కంటి ఆసరా లేదు. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి నేర్చుకున్నవారికి క ఎక్కడుందో, పొల్లు ఎక్కడుందో వేళ్ళకే తెలియాలి. ఒకప్పుడు ఆంధ్రదేశపు పట్టణాలలో టైపు ఇన్‌స్టిట్యూట్లకు వెళ్ళి లోయరు, హయ్యరు పరీక్షలు రాసినవారికి ఇది కొత్త కాదు. మీటల వైపు చూడకూడదన్నదే అక్కడ మొదటి పాఠం. కంటి పని వేలికి అప్పగించిన చోట వేలి స్పర్శను తగ్గించడం ఎలాంటిదో వారికి వేరే చెప్పనక్కరలేదు.

తెలుగు లిపి నిర్మాణం ఈ భారాన్ని పెంచుతుంది. ‘స్త్రీ’ అన్నది కంటికి ఒక్క అక్షరం. ఇన్‌స్క్రిప్ట్‌లో అది ఆరు నొక్కులు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారపు గుడి. ఆంగ్ల మీటల పేర్లలో చెబితే ఎమ్, డి, ఎల్, డి, జె, ఆర్. వీటిలో పొల్లు ఒక్కసారి పడకపోయినా అక్షరం విడిపోతుంది. రెండూ పడకపోతే స్త్రీ కాస్తా ‘సతరీ’ అవుతుంది. వెయ్యి మాటల వ్యాసానికి, మాటకు ఎనిమిది నొక్కులు అనుకున్నా, ఎనిమిది వేల నొక్కులు. నూటికి ఒకటి తప్పిపోతే ఎనభై తప్పులు.

తప్పు కనబడేదైతే దిద్దుకోవచ్చు. కనబడని తప్పులు కొన్ని ఉంటాయి. ఇన్‌స్క్రిప్ట్‌లో ల, ళ ఒకే మీట మీద ఉన్నాయి. షిఫ్ట్ పట్టుకుంటే ళ వస్తుంది. షిఫ్ట్ మీట అంచున, చిటికెన వేలి కింద ఉంటుంది. తొడుగు మూలలు ముందుగా లేచేదీ అక్కడే. షిఫ్ట్ సరిగ్గా పడకపోతే ‘కళ’ రాయబోయినవారు ‘కల’ రాస్తారు. రెండూ మంచి తెలుగు మాటలే, ఏ దోషసూచికా ఎర్రగీత గీయదు. రోమన్ అక్షరాలతో తెలుగు కొట్టేవారి అవస్థ మరొకటి. ఎల్ మీట పడిందో లేదో తెలియక మరోసారి నొక్కితే ‘కల’ కాస్తా ‘కల్ల’ అవుతుంది. స్వప్నం అబద్ధంగా మారడానికి ఒక అనుమానపు నొక్కు చాలు.

ఆంగ్లంలో రాసేవారికి ఇటువంటి తప్పులు రావని కాదు. వారికి అక్షరం మీట మీద కనబడుతుంది, చాలా పొరపాట్లను దోషసూచిక పట్టుకుంటుంది. తెలుగులో ఈ రెండు ఆసరాలూ బలహీనం. అందువల్ల అదే తొడుగు తెలుగు రాసేవారి దగ్గర ఎక్కువ వసూలు చేస్తుంది.

ఆసుపత్రి బల్ల మీద

తొడుగు అవసరమని అందరూ ఒప్పుకునే చోటు ఆసుపత్రి. ఒమన్ ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఆసుపత్రులు ‘అల్ షిఫా’ అనే కంప్యూటరు వ్యవస్థ మీద నడుస్తాయి. రోగి వివరాలు, పరీక్షలు, మందులు అన్నీ కీబోర్డు మీదుగానే వెళ్తాయి. ఒమన్‌లో పనిచేసే వైద్యులలో, నర్సులలో తెలుగువారూ ఉన్నారు. ఒకే కీబోర్డును ఒక పూటలో అనేకులు తాకుతారు. రోగి మంచం నుంచి వచ్చిన చేతులే అటు పోతాయి. కీబోర్డుల మీద వ్యాధికారక సూక్ష్మజీవులు నిలిచి ఉండగలవని ఎన్నో పరిశీలనలు చూపాయి.

అయితే అమెరికాలోని నార్త్ కెరొలైనాలో విలియమ్ రుటాలా బృందం 2006లో ప్రచురించిన అధ్యయనం ఒక ఉపయోగకరమైన సంగతి చెప్పింది. మామూలు క్రిమినాశక ద్రావణాలతో తుడిస్తే పరీక్షకు పూసిన బాక్టీరియాలో 95 శాతానికి పైగా తొలగిపోయాయి. 300 సార్లు అలా తుడిచిన తరువాత కూడా కీబోర్డుల పనితీరు గాని, రూపం గాని చెడలేదు. తొడుగు వేయడం ఒక మార్గమైతే క్రమం తప్పకుండా తుడవడం మరో మార్గం. తుడవని తొడుగు రక్షణ కాదు. తుడవని మరో ఉపరితలం మాత్రమే.

ఆసుపత్రిలో స్పర్శ పోవడానికి మరో ఖరీదు ఉంది. మందు మోతాదు 0.5 మిల్లీగ్రాములు అని కొట్టవలసిన చోట చుక్క మీట పడకపోతే పది రెట్లు పెరుగుతుంది. అందుకే దశాంశానికి ముందు సున్న తప్పక ఉండాలని వైద్యవిద్యలో నేర్పుతారు. సున్న లేకుండా ‘.5’ కొట్టేవారికి చుక్క తప్పితే తెర మీద ‘5’ కనబడుతుంది, చూసినవారికి అనుమానం రాదు. సున్న పెట్టేవారికి ‘05’ కనబడుతుంది. ఆ వింత రూపం కంటిని ఆపుతుంది. వేలు తప్పిన చోట కన్ను పట్టుకునేందుకు ఏర్పరచిన పద్ధతి అది. తొడుగు ఉన్న కీబోర్డు మీద పనిచేసేవారు ఈ పద్ధతిని మరింత పట్టుదలగా పాటించాలి. అంకెలు కొట్టాక చేతులను నమ్మక, తెర మీద ఏమున్నదో చదవాలి.

తొడుగు కింద చిక్కిన నీరు

రక్షణ అనుకున్నదే హాని చేసే సందర్భాలూ ఉన్నాయి. వేసవిలో మస్కట్‌లో చల్లని గది నుంచి బయటికి రాగానే కళ్ళద్దాలు మసకబారడం అందరికీ అనుభవమే. చల్లబడిన లాప్‌టాప్ మీద కూడా అదే జరుగుతుంది. తొడుగు లేకపోతే ఆ తడి కొద్దిసేపటికి ఆరిపోతుంది. తొడుగు కిందికి చేరిన తడి త్వరగా ఆరదు. సలాలాలో ఖరీఫ్ నెలల్లో ఈ జాగ్రత్త ఇంకా అవసరం. సముద్రపు గాలిలోని ఉప్పు కలిసిన ధూళి తేమను పట్టి ఉంచుతుంది. కిందికి ఒకసారి చేరిన ఇసుక కూడా అంతే: గాలికి కొట్టుకుపోవలసిన రేణువును తొడుగు మీట మీదే నొక్కిపట్టి అరగదీస్తుంది.

తెర మరో సంగతి. నేటి లాప్‌టాప్ మూసినప్పుడు తెరకూ మీటలకూ మధ్య మిగిలే సందు బహు తక్కువ. కెమెరా మీద అంటించే మూత 0.1 మిల్లీమీటరు, అంటే మామూలు కాగితం మందం, మించకూడదని ఆపిల్ తన వినియోగదారులను హెచ్చరించింది. తెర, కీబోర్డు, అరచేతులు ఆనే చోటు, వీటి మీద ఏది వదిలేసి మూసినా తెర దెబ్బతినవచ్చని కూడా చెప్పింది. 0.3 మిల్లీమీటర్ల సిలికోన్ దానికి మూడింతలు. కొన్ని యంత్రాలు మీటల సందుల గుండా కొంత వేడిని వదులుతాయి. పనిభారం ఎక్కువైనప్పుడు తొడుగు దానికీ అడ్డు.

ఎప్పుడు, ఎంతసేపు

ఇంతకూ తొడుగు కొనాలా వద్దా అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. ఎడారి శిబిరంలో, నిర్మాణ స్థలంలో, చిన్నపిల్లలున్న ఇంట్లో, నలుగురు తాకే బల్ల మీద తొడుగుకు న్యాయమైన చోటుంది. ఇంట్లో కూర్చుని రాత్రిపూట పది పేజీల తెలుగు రాసేవారికి అది అనవసరపు పన్ను. ఒకే మనిషి పగలు మొదటి చోటా రాత్రి రెండో చోటా ఉండవచ్చు. తొడుగు తీయడానికి పట్టేది అరక్షణం.

వేసుకోక తప్పనివారు తమ మోడల్‌కే అచ్చు పోసినదాన్ని, వీలైతే పలుచని టి.పి.యు. రకాన్ని ఎన్నుకోవాలి. ఎఫ్, జె మీటల మీద గీతలు చేతికి తగులుతున్నాయో లేదో కళ్ళు మూసుకుని చూసి మరీ కొనాలి. వారానికోసారి తీసి కడిగి, పూర్తిగా ఆరిన తరువాతే మళ్ళీ పరచాలి. మూలలు లేచినదాన్ని పారేయాలి. దీర్ఘంగా రాసేవారికి విడిగా పెట్టుకునే కీబోర్డు మరో దారి. దాని మీద ధూళి పడినా పోయేది దాని ఖరీదే, యంత్రానిది కాదు. తొడుగు లేనివారు యంత్రాన్ని ఆపివేసి, సుమారు 75 డిగ్రీల వాలున నిలబెట్టి, డబ్బాలో దొరికే ఒత్తిడి గాలితో మీటల సందులను శుభ్రం చేయవచ్చు. ఆపిల్ తన కీబోర్డులకు సూచించిన పద్ధతి అదే.

తొడుగు తమకు ఎంత ఖరీదు పడుతున్నదో ఎవరికి వారు కొలుచుకోవచ్చు. తెలిసిన తెలుగు పేరా ఒకటి తీసుకుని తొడుగుతో ఒకసారి, తొడుగు లేకుండా ఒకసారి కొట్టి, వెనక్కి చెరిపే మీటను ఎన్నిసార్లు నొక్కవలసి వచ్చిందో లెక్కపెట్టాలి. ఒక్క రోజు లెక్కను నమ్మరాదు, ఎందుకంటే వేళ్ళు దేనికైనా కొంత అలవాటు పడతాయి. ఒక వారం అలా, ఒక వారం ఇలా చూస్తే తేడా ఉన్నదీ లేనిదీ తేలిపోతుంది.

పాత టైపు ఇన్‌స్టిట్యూట్లలో కూడా యంత్రాలకు తొడుగులుండేవి. నల్లని రెక్సిన్‌తో కుట్టినవి, యంత్రాన్ని నిలువునా కప్పేవి. వంతు రాగానే విద్యార్థి ముందు తొడుగు తీసి మడిచి పక్కన పెట్టేవాడు. కాగితం ఎక్కించి, గంట సేపు కొట్టి, లేచేటప్పుడు మళ్ళీ కప్పి వెళ్ళేవాడు. తొడుగు కప్పి ఉండగా టైపు చేయాలన్న ఆలోచన ఎవరికీ వచ్చేది కాదు.